ఆదివారం పది నిమిషాలు

ఆ ఆదివారం కూడా శ్రీలత ఉప్మా మాడబెట్టింది. దీపావళి వెళ్లి పది రోజులైంది. గిర్మాజిపేట సందుల్లో పొద్దున పూట చలి మొదలైంది, పక్కింటి వాళ్లు కార్తీక సోమవారానికి ఉసిరికాయలు తెచ్చుకున్నారు, అందరి ఇళ్లూ మామూలుగానే ఉన్నాయి. శ్రీలతకు మాత్రం ఆదివారం పది దాటిందంటే కాళ్లూ చేతులూ ఆడవు. సరిగ్గా పదకొండింటికి హాస్టల్ వార్డెన్ ఫోన్ నుంచి కూతురు తేజస్వి మాట్లాడుతుంది. పది నిమిషాలే. ఏ తల్లి అయినా ఆ పది నిమిషాల కోసం వారమంతా ఎదురు చూస్తుంది. ఈ తల్లి శనివారం సాయంత్రం నుంచే భయపడుతుంది.

"ఈయాల ఏం చెప్దామంటవ్?" అంది భర్త ముందు ప్లేటు పెడుతూ.

రమాకాంత్ పేపర్లోంచి తలెత్తలేదు. "పోయిన వారం ఏం చెప్పినం?"

"పండుకున్నదని చెప్పినం. అంతకు ముందటి వారం గుడికి పోయిందన్నం. దానికి ముందు చెవుల మందు ఏసుకున్నది, ఫోన్ పెట్టుకోరాదన్నం."

"అయితే భారతక్క ఇంటికి పోయిందని చెప్పు. వర్ధన్నపేటల సిగ్నల్ ఉండదని చెప్పు."

"వర్ధన్నపేటల సిగ్నల్ ఎందుకుండదు? అదేమన్న అడివా?"

"మరి నువ్వే చెప్పు నీకు తెలిసింది!" అని కసిరాడు రమాకాంత్. "పొద్దున్నే మొదలుపెట్టినవ్."

ఏం చెబుతుంది పాపం. రమాకాంత్ తల్లి శకుంతలమ్మ పోయి రెండు నెలలు కావస్తోంది. ఆ సంగతి వరంగల్ చౌరస్తాలో ఉన్న స్టీలు సామాన్ల దుకాణాలన్నింటికీ తెలుసు, పాలవాడికి తెలుసు, పాత మంచం దానం పట్టుకుపోయిన మనిషికి తెలుసు. ఆమె ఒళ్లో పెరిగిన మనవరాలికి ఒక్కతికే తెలియదు. మడికొండ దిక్కున ఆ కాలేజీ హాస్టల్ ఇంటికి పన్నెండు కిలోమీటర్లు కూడా ఉండదు.

వినాయక నిమజ్జనం అయిన మూడో రోజు అది. దవాఖాన నుంచి శకుంతలమ్మను ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టినప్పుడు రమాకాంత్ అక్క భారతి ఒకటే మాట పట్టుకుంది.

"పోరిని పిలిపియ్యి తమ్మీ. దాన్ని ఎత్తుకోని పెంచిన చెయ్యి ఇది. ఆఖరి చూపన్న చూడనియ్యి."

"వద్దక్కా. మా దుకాణం ఎదురుంగ మొండయ్య లేడూ, ఆయన కొడుకు గిట్లనే తాత పోయిండని వచ్చి పది రోజులుండి పోయిండు. మళ్లా పుస్తకం పట్టలే. ఏడాది మొత్తం పాయె."

"మన పోరి గట్ల కాదు."

"అది బాపమ్మ అంటే పానం ఇడుస్తది, నీకు తెల్వదా? జనవరిల దానికి ఇంజనీరింగ్ పరీక్ష ఉన్నది. ఏడ్చేదేదో పరీక్షలైనంక ఏడుస్తది తియ్యి."

పరీక్షలైనంక ఏడుస్తది! ఆ మాట అప్పుడు వాకిట్లో ఉన్నవాళ్లకు ఎవరికీ వింతగా అనిపించలేదు. నలుగురైదుగురు తలలు కూడా ఊపారు. శ్రీలత ఊపలేదు గానీ కాదనలేదు. తలకు మించిన పనులున్నాయని తనకు తాను సర్ది చెప్పుకుంది. కాదనాల్సింది అప్పుడే అని ఆమెకు తర్వాత ప్రతి ఆదివారం తెలిసొచ్చింది.

దుకాణంలో గిన్నె కొన్నవాళ్లకు దాని మీద పేరు చెక్కి ఇవ్వడం రమాకాంత్‌కు ఇరవై ఏళ్లుగా అలవాటు. చేతిలో పట్టే చిన్న మెషీన్, సర్రుమని చప్పుడు. పెళ్లిళ్ల పేర్లు, గృహప్రవేశాల తేదీలు, పిల్లల పేర్లు ఎన్ని చెక్కాడో లెక్కలేదు. తల్లి పన్నెండో రోజు భోజనాలకు వచ్చినవాళ్లకు పంచడానికి స్టీలు డబ్బాలు తీసి, పనివాళ్లను ముట్టనివ్వకుండా ఒక్కో డబ్బా అడుగున తనే చెక్కాడు. 'కీ.శే. శకుంతల గారి జ్ఞాపకార్థం', కింద తేదీ. చెక్కుతున్నంతసేపూ కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. తల్లి మీద ప్రేమ లేని మనిషి కాదు. పంచగా మిగిలిన డబ్బాలను శ్రీలత వంటింటి అటక మీద పెట్టింది.

తర్వాత బతుకమ్మ వచ్చింది. మనిషి పోయిన ఇంట్లో ఆ ఏడు బతుకమ్మ పేర్చరు. తొమ్మిది రోజులూ వాడకట్టంతా పాటలు, చప్పట్లు. శ్రీలత మాత్రం సాయంత్రం కాగానే తలుపు దగ్గరికి వేసుకుని లోపల కూర్చుంది. దసరాకు కాలేజీ వాళ్లు మూడు రోజులు సెలవిచ్చారు. రమాకాంత్ ఫోన్ చేసి, మా అమ్మాయి అక్కడే ఉండి చదువుకుంటుంది అని చెప్పేశాడు. వస్తే గోడ మీద ఫోటో, తండ్రి గుండు అన్నీ కనబడతాయి మరి.

ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ నాడు తల్లిదండ్రులను హాస్టల్‌కు రానిచ్చారు. ఉత్త చేతులతో పోలేక, పక్కింటి స్రవంతి రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు అడిగి తీసుకుంది శ్రీలత. ఆటో బయట హారన్ కొడుతుంటే చేతికందిన డబ్బాలో వాటిని సర్దుకుని పోయింది. హాస్టల్ ముందర ఆడపిల్లలు బతుకమ్మలు పెట్టుకుని ఆడుతున్నారు. తేజస్వి ఆడలేదు. కడుపు నొప్పి అంది.

"డాడీ రాలేదా?"

"దుకాణంల గిరాకీ బిడ్డా. పండుగ కదా."

"ఈసారి మన బతుకమ్మ ఎంత ఎత్తు పేర్చిన్రు?"

"ఇగో, నా నడుము దాక. బాపమ్మనే పేర్చింది. గునుగు పువ్వుకు రంగులద్ది, తంగేడు పెట్టి..."

తేజస్వి తల్లి చేతులు పట్టుకుని చాలాసేపు చూసింది. చేతులు సన్నబడ్డయి అమ్మా, అంది. అంతే. ఆ తర్వాతి ఆదివారం ఫోన్లో పిల్ల గొంతు బొంగురుపోయి ఉంది. ఏమైంది బిడ్డా అంటే, చల్లనీళ్లతోని తలకు పోసుకున్న, పడిశం పట్టింది అంది. వేడినీళ్లు అడగచ్చు గదనే అని శ్రీలత కేకలేసింది.

ఇదంతా తలుచుకుంటూ ఉండగానే ఫోన్ మోగింది.

"అమ్మా, మంచిగున్నరా?"

"మంచిగున్నం బిడ్డా. తిన్నవా?"

"తిన్న. టెస్టుల ఆరో నంబరొచ్చింది. బాపమ్మ ఎట్లున్నది?"

రమాకాంత్ పేపర్ పక్కన పెట్టి భార్య మొహంలోకే చూస్తున్నాడు.

"మంచిగున్నది. భారతి అత్తమ్మోళ్ల ఇంటికి పోయింది, వర్ధన్నపేటకు."

అవతల ఏ చప్పుడూ లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకుంది శ్రీలత.

"మోకాళ్ల నొప్పులు తగ్గినయా మరి?" అంది తేజస్వి చివరకు.

"తగ్గినయి."

"సరే. చలికాలం కదా, జర మంచిగ చూస్కోమను."

ఫోన్ పెట్టేశాక శ్రీలత వంటింట్లోకి పోయి కొళాయి తిప్పింది. నీళ్ల చప్పుడులో ఏడిస్తే బయటికి వినబడదు. రెండు నెలల్లో ఆ ఇంట్లో ఆమె నేర్చుకున్న కొత్త విద్య అదొక్కటే.

నవంబర్ అంతా అట్లాగే పోయింది. మార్కెట్ యార్డుకు పత్తి లారీలు వరుస కట్టాయి, చలి ముదిరింది, ఉన్ని శాలువాలు పెట్టెల్లోంచి బయటికొచ్చాయి. శకుంతలమ్మ శాలువా కూడా వచ్చింది. దాన్ని ఎవరికీ ఇవ్వలేక, ఎక్కడా పెట్టలేక శ్రీలత మళ్లీ అదే పెట్టెలో వేసింది. క్రిస్మస్‌కు కాలేజీ వాళ్లు నాలుగు రోజులు సెలవిస్తున్నారని, ఈసారి హాస్టల్ మూసేస్తున్నారని కబురొచ్చింది. ఇంక తప్పించుకోవడానికి వీల్లేదు.

"చెప్పేద్దామయ్యా," అంది శ్రీలత. "ఇంట్లకొచ్చినంక గూడ దాస్తమా? మనుషులమా మనం?"

"నెల రోజులున్నది పరీక్ష. ఇన్ని దినాలు ఆగినం, ఒక్క నెల ఆగలేమా?"

"తెలిసిన్నాడు మన మొహం చూస్తదా అది?"

"సీటొచ్చినంక అదే అర్థం చేసుకుంటది," అని శకుంతలమ్మ ఫోటో దండతో సహా గోడ మీద నుంచి దించాడు. అటక మీది డబ్బాలు గోనెసంచిలో వేసి, ఫోటోతో పాటు దుకాణానికి మోసుకుపోయాడు. తల్లి మంచం ఉండిన మూల బోసిగా కనిపిస్తోందని అక్కడ కుట్టుమిషను జరిపాడు. ఇంత చేసి, పక్కింటి వాళ్లకు కూడా చెప్పి వచ్చాడు నోరు జారవద్దని. తల్లి చావును ఇంట్లోంచి ఊడ్చి పారేయడానికి ఒక పూట పట్టింది ఆయనకు.

తేజస్వి వచ్చింది. మెడ ఎముకలు బయటపడ్డాయి, కళ్లద్దాలు ఇంకా మందమయ్యాయి. చెప్పులు విప్పి ముందు గదిలో నిలబడి గోడ మీది ఉత్త మేకును చూసింది. కుట్టుమిషను చూసింది. తండ్రి నెత్తి మీద అంగుళమంత పొట్టి జుట్టు చూసింది.

"వేములవాడల మొక్కుండె బిడ్డా," అన్నాడు రమాకాంత్ అడగకముందే.

"మంచిది డాడీ," అంది.

అన్నం దగ్గర కూర్చుని, "బాపమ్మ ఎప్పుడొస్తది?" అంది. చలి తగ్గినంక వస్తది అన్నాడు రమాకాంత్. అయితే మనమే పోదాం, బస్సుల గంట కూడా పట్టదు అంది. రేపు చూద్దాం అన్నాడు. మర్నాడు అడిగితే దుకాణంలో స్టాకు దిగుతోంది అన్నాడు. శ్రీలత ఇద్దరికీ వడ్డిస్తూ, ఎవరి మొహమూ చూడకుండా గరిటె వంకే చూస్తూ ఉండిపోయింది. కూతురు ఏమీ పోట్లాడలేదు. అదే ఆమెకు భయమేసింది. చిన్నప్పుడు ఐస్‌క్రీమ్ కొనివ్వకపోతే రోడ్డు మీద పొర్లి ఏడ్చిన పిల్ల ఇది.

మూడో రోజు పొద్దున రమాకాంత్ టిఫిన్ దగ్గర కూర్చునే సరికి తేజస్వి తలదువ్వుకుని, చున్నీ వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని తయారుగా ఉంది.

"ఏడికి?"

"వర్ధన్నపేటకు. నువ్వు రాకుంటె నేనొక్కదాన్నే పోత. బాపమ్మను చూసి సాయంత్రం వరకు వస్త."

"అవసరం లేదు."

"ఎందుకు డాడీ?"

"పరీక్ష పెట్టుకోని ఊర్లు తిరుగుతవా?" రమాకాంత్ గొంతు లేచింది. "లక్షన్నర ఫీజు ఊర్లు తిరగనీకె కట్టిన్నా? బాపమ్మ ఏడికి పోతది? ఆడనే ఉంటది!"

"ఏడ?"

"వర్ధన్నపేటల! చెవులు వినబడతలేవా?"

"ఒక్కసారి ఫోన్ చెయ్యి మరి అత్తమ్మకు. బాపమ్మకు ఇయ్యమను. ఒక్క మాట మాట్లాడి చదువుకుంట."

"తేజూ, చాలు, ఇంక బస్ చెయ్యి! లోపలికి నడువ్!"

తేజస్వి లోపలికి నడిచింది. శ్రీలతకు ఊపిరి వచ్చింది. అయితే పిల్ల వెంటనే బయటికి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా ఉంది. తండ్రి ప్లేటు పక్కన దాన్ని బోర్లించి పెట్టింది.

రమాకాంత్ చదవనక్కర్లేదు. తన చేతి రాత తనకు తెలుసు. శ అక్షరం దగ్గర మెషీన్ కొంచెం జారింది, ఆ రోజు కళ్లు మసకబారి. ఆ జారిన గీత కూడా అక్కడే ఉంది.

"ఇది... ఇదెట్ల వచ్చింది నీకు?"

"సద్దుల బతుకమ్మ నాడు అమ్మ మలీద ముద్దలు తెచ్చింది ఇందులనే."

శ్రీలతకు అప్పుడు గుర్తొచ్చింది. ఆటో హారన్, చేతికందిన డబ్బా. అయ్యో దేవుడా, తన చేతులతో తనే పట్టుకుపోయి ఇచ్చింది.

"చేతులు చూసినప్పుడే నాకు అనుమానమొచ్చింది," అంది తేజస్వి. గొంతు పెద్దది కాలేదు, అది ఇంకా కష్టంగా ఉంది వినడానికి. "బాపమ్మ పేర్చినా గునుగు పువ్వుకు రంగులద్దేది నువ్వే కదమ్మా, నీ వేళ్లకు నాలుగు దినాలు పోదు. నీ చేతులు తెల్లగున్నయి. బతుకమ్మ పేర్చలేదని తెలిసింది. ఎందుకు పేర్చలేదో తెల్వలే. సాయంత్రం ముద్దలు అందరికి పంచి డబ్బా కడుగుతుంటె అడుగున అక్షరాలు చేతికి తాకినయి."

"మరి అడగాలె గదా బిడ్డా," అంది శ్రీలత ఏడుస్తూ. "ఫోన్ చేసి తిట్టాలె గదా మమ్మల్ని!"

"రోజూ అడిగితే ఫోన్ ఇయ్యరు కదమ్మా. ఆదివారమే ఇస్తరు. ఆదివారం అడిగిన. పన్నెండు ఆదివారాలు అడిగిన, బాపమ్మ ఎట్లున్నది అని. ఈసారన్న చెప్తరు, ఈసారన్న చెప్తరు అనుకున్న. చెప్తే నీతో కలిసి ఏడుద్దామని ఆగిన. మంచిగున్నది అంటివి. మోకాళ్ల నొప్పులు తగ్గినయంటివి. ఫోన్ వార్డెన్‌కు ఇచ్చి పోయి లెక్కలు చేసుకున్న. ర్యాంకులు కూడ మంచిగనే వచ్చినయి డాడీ. నువ్వు అనుకున్నట్టే."

రమాకాంత్ ముందున్న ప్లేటు పక్కకు జరిపాడు.

"చల్లనీళ్లు పోసుకున్న అని ఫోన్ల చెప్పిన కదా, అది గూడ గిందుకేనమ్మా. మనోళ్లు పోయిన్రని వినంగనే తలకు పోసుకోవాలె అని బాపమ్మనే చెప్తుండె. రూముల అందరు బతుకమ్మ ఆడనీకి పోయిన్రు. బకెట్ల ఉన్న నీళ్లే పోసుకున్న."

పదిహేడేళ్ల పిల్ల ఒక్కతీ హాస్టల్ బాత్రూములో నిలబడి, బయట పాటలు వినబడుతుంటే, తన బాపమ్మకు తానే మైల స్నానం చేసింది. ఆ పిల్లనే పడిశం తెచ్చుకున్నందుకు ఫోన్లో కేకలేసింది తను. శ్రీలత నోట్లో కొంగు కుక్కుకుంది.

తేజస్వి తండ్రి ఎదుట కుర్చీలో కూర్చుంది.

"ఒక్కటి అడుగుత. ఆఖరుకు బాపమ్మ నన్ను అడిగిందా?"

"లేదు బిడ్డా," అన్నాడు రమాకాంత్ వెంటనే. ఆ జవాబు ఎప్పుడో తయారు చేసి పెట్టుకున్నాడు. "నిద్రలనే పోయింది. ఎవ్వరిని అడగలే."

పిల్ల తల్లి వైపు తిరిగింది. "అమ్మా?"

రమాకాంత్ కూడా భార్య వైపే చూశాడు. ఆ చూపు శ్రీలతకు కొత్త కాదు. పదకొండింటికి ఫోన్ మోగిన ప్రతిసారీ ఆయన చూసే చూపే. ఈసారి కూడా మంచిగ పోయింది బిడ్డా అనేస్తే, పిల్ల గుండెకు ఒక బరువు తప్పుతుంది. కానీ అదీ అబద్ధమని తెలిసిన రోజు ఆ పిల్ల తన మాట ఒక్కటి కూడా జన్మలో నమ్మదు.

"అడిగింది," అంది శ్రీలత.

"శ్రీలతా!"

"అడిగింది బిడ్డా. దవాఖానల రెండు దినాలు నీ పేరే తలిచింది. తేజు వచ్చిందా, తేజు వచ్చిందా అన్నది. మేం పిలవలే. నేను గూడ పిలవలే."

రమాకాంత్ డబ్బాను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

"ఆదివారం పెద్ద టెస్టున్నదమ్మా, అయినంక తీస్కొస్త అని చెప్పిన," అన్నాడు డబ్బా వైపే చూస్తూ. "పరీక్ష ఉన్నదా, అయితే వద్దు తియ్యి కొడుకా, పోరిని పరేషాన్ చెయ్యకు, నేనేమన్న పారిపోతన్నానా అన్నది. శనివారమే పోయింది. అమ్మనే వద్దన్నది కదా అని నాకు నేను చెప్పుకున్న. ఇన్ని దినాలు అదే చెప్పుకుంటాన. పొద్దుందాక చూసేది బిడ్డా తలుపు దిక్కే. నర్సు వచ్చినా నువ్వే అనుకునేది."

అప్పుడు ఏడ్చింది తేజస్వి. మూడు నెలలు ఆపి ఉంచిన ఏడుపు అంతా ఒక్కసారే వచ్చింది. బాపమ్మా అని గట్టిగా అరిచి, టేబుల్ మీద తల వాల్చి, పక్కింటికి వినబడేటట్టు ఏడ్చింది. శ్రీలత వెళ్లి పట్టుకుంది. రమాకాంత్ కుర్చీ జరుపుకుని దగ్గరికి వచ్చి, ముట్టుకోవచ్చో లేదో తెలియనట్టు కాసేపు చెయ్యి గాల్లోనే పెట్టి, చివరకు పిల్ల వీపు మీద వేశాడు. తేజస్వి ఆ చెయ్యి తోసేయలేదు. అట్లాగని దగ్గరికీ జరగలేదు.

ఏడుపు కొంచెం తెరిపిచ్చాక శ్రీలత లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టింది. బాగా కాగిన నీళ్లను బకెట్లో చన్నీళ్లతో తొరిపి, కూతురిని పీట మీద కూర్చోబెట్టింది.

"ఎందుకమ్మా?"

"అప్పుడు నీకెవ్వరు చెప్పలే. డబ్బా మీద నీ అంతట నువ్వే సదువుకున్నవ్. ఇప్పుడు మేం చెప్పినం. మళ్ల పోసుకోవాలె," అంది శ్రీలత. చెంబుతో ముంచి నెత్తి మీద పోసింది. "వేడున్నయా, చాలా?"

"ఇంకొంచెం వేడి పొయ్యి," అంది తేజస్వి కళ్లు మూసుకుని.

రమాకాంత్ అప్పటికే బయటికి వెళ్లాడు. గంటలో తిరిగి వచ్చాడు, చంకలో ఫోటో, చేతిలో గోనెసంచి. దండ వాడిపోయింది. దాన్ని తీసేసి, కొత్త దండ తేవడం మరిచిపోయినందుకు మళ్లీ బజారుకు పోయాడు. కుట్టుమిషను తీసి పక్కకు జరిపాడు. ఆ మూల ఖాళీగానే ఉండనీ అన్నాడు. నాలుగో రోజు హాస్టల్‌కు పోతూ తేజస్వి పెట్టెలోంచి బాపమ్మ శాలువా తీసి బ్యాగులో పెట్టుకుంది. ఆటో ఎక్కేదాకా తండ్రితో పెద్దగా మాట్లాడలేదు. ఎక్కాక మాత్రం, జుట్టు పెరిగేదాక మఫ్లర్ కట్టుకో డాడీ, చలి, అంది.

జనవరి మొదటి ఆదివారం పదకొండింటికి ఫోన్ మోగింది. శ్రీలత మొదటి రింగుకే ఎత్తింది.

"అమ్మా, తిన్నవా?"

"ఇంకా లేదు బిడ్డా. వండబుద్ధి కాలే."

"డాడీ ఎట్లున్నడు?"

మంచిగున్నడు అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. శ్రీలత ముందు గదిలోకి చూసింది. రమాకాంత్ ఫోటో ఎదురుగా ఆ ఖాళీ మూలలో నేల మీద కూర్చుని ఉన్నాడు, పొద్దున్నించీ అట్లాగే.

"మంచిగ లేడు బిడ్డా," అంది. "ఏడుస్తాండు."



"ఫోన్ డాడీకియ్యి," అంది. "ఇంకా తొమ్మిది నిమిషాలున్నయి."